ఆ గుర్తు నిజంగా అక్కడ ఉందా? ఈస్ట్ ఎంఆర్ఎన్ఏ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈస్ట్ కణాల మెసెంజర్ ఆర్ఎన్ఏ మీద ఉండే రసాయన మార్పుల్ని ఎలా పట్టుకుంటారు, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాప్ ఎలా గీస్తారు అని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని ఈసారి తీసుకున్నాం. ల్యాబులో పనిచేస్తూ ఎక్కడో ఇరుక్కుపోయి రాసినవాళ్లూ ఉన్నారు, ఊరికే తెలుసుకుందామని రాసినవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: ఆర్ఎన్ఏలో ఏ, యూ, జీ, సీ అని నాలుగే అక్షరాలని చదువుకున్నాం. మరి ఈ మార్పులేమిటి? ఉంటే సీక్వెన్సింగ్‌లో కనబడాలి కదా?

జవాబు: మీరు చదువుకున్నది తప్పేం కాదండీ. ఆర్ఎన్ఏ తయారయ్యేటప్పుడు ఆ నాలుగే వాడతారు. తయారైన తర్వాత, కొన్నిసార్లు తయారవుతుండగానే, ఎంజైములు వచ్చి కొన్ని అక్షరాల మీద చిన్న మార్పు చేసి పోతాయి. ఏ మీద ఒక మిథైల్ గుంపు తగిలిస్తే అది ఎమ్6ఏ. యూని చక్కెర నుంచి విడదీసి, తిప్పి, వేరే చోట అతికిస్తే సూడోయూరిడిన్. ఈ సూడోయూరిడిన్ సంగతి 1951 నుంచే తెలుసు, ఎంఆర్ఎన్ఏలో ఎమ్6ఏ ఉందని 1974లో బయటపడింది. అంటే విషయం పాతదే, కచ్చితంగా ఏ అక్షరం మీద ఉందో చూసే పద్ధతులే కొత్తవి.

ఇక కనబడకపోవడం గురించి. మామూలు సీక్వెన్సింగ్‌లో మనం ఆర్ఎన్ఏని నేరుగా చదవం. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముతో దాన్ని డీఎన్ఏగా రాయించి, ఆ డీఎన్ఏని చదువుతాం. ఈ ఎంజైముకి ఎమ్6ఏ ఎదురైతే మామూలు ఏ ఎదురైనట్టే అనుకుని ఎదురుగా టీ పెట్టి ముందుకు పోతుంది. సూడోయూరిడిన్ దగ్గరా అంతే, మామూలు యూ అనుకుని ఏ పెట్టేస్తుంది. ఆ క్షణంలోనే గుర్తు మాయమైపోతుంది, ఆ తర్వాత ఎంత లోతుగా సీక్వెన్స్ చేసినా, ఎన్ని కోట్ల రీడ్లు, అంటే చదివిన ముక్కలు, తీసినా అది తిరిగి రాదు. కాబట్టి ఈ రంగంలో కనిపెట్టిన పద్ధతులన్నీ ఒకే పని కోసం పుట్టినవి: డీఎన్ఏగా మారేలోపే ఆ గుర్తుకి ఒక ఆనవాలు మిగిల్చాలి, లేదంటే డీఎన్ఏగా మార్చకుండానే చదవాలి.

ప్రశ్న: పీజీ ప్రాజెక్టులో భాగంగా బేకర్స్ ఈస్ట్ పెంచి, ఎంఆర్ఎన్ఏ తీసి ఎమ్6ఏ కోసం చూశాను. ఏమీ రాలేదు. కిట్ పాడైందని గైడ్ అంటున్నారు, మళ్లీ కొనాలంటే ఖర్చు. ఏం చేయమంటారు?

జవాబు: కిట్ గురించి టెన్షన్ పడకండి, ముందు ఈస్ట్ ఎలా పెంచారో చెప్పండి. పోషకాలు దండిగా ఉన్న మీడియంలో, ఒకే సెట్ క్రోమోజోములున్న హాప్లాయిడ్ కణాలు పెంచితే ఎమ్6ఏ రాదు, రాకపోవడమే సరైన ఫలితం. మనిషి కణాల్లో ఎమ్6ఏ దాదాపు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఈస్ట్‌లోనూ ఉంటుందనుకుని చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

బేకర్స్ ఈస్ట్‌లో ఎమ్6ఏ పెట్టే ఎంజైము ఐఎంఈ4. మన కణాల్లోని మెటిల్3కి ఇది బంధువే. ఈస్ట్ ఆకలితో అలమటించి, ఇక పెరిగి లాభం లేదని క్షయకరణ విభజనలోకి, అంటే మియోసిస్‌లోకి దిగి స్పోర్లు చేసుకునే దశలో మాత్రమే ఇది పనిలోకి వస్తుంది. ఈ సంగతి 2002లో తేలింది. హాప్లాయిడ్ కణంలో దీన్ని అణచి ఉంచే ఏర్పాటు కూడా చాలా ముచ్చటగా ఉంటుంది: ఐఎంఈ4 జన్యువుకి ఎదురు దిశలో, అదే చోటి నుంచి ఇంకో ఆర్ఎన్ఏ తయారవుతూ ఉంటుంది, దాని వల్ల అసలు జన్యువు పూర్తిగా చదవబడదు. రెండు సెట్ల క్రోమోజోములూ, రెండు రకాల మేటింగ్ జన్యువులూ ఉన్న డిప్లాయిడ్‌లో ఆ ఎదురు ఆర్ఎన్ఏ ఆగిపోతుంది, అప్పుడు ఐఎంఈ4కి దారి దొరుకుతుంది.

అందుకని మీకు డిప్లాయిడ్ కావాలి, పైగా మియోసిస్‌లోకి కలిసికట్టుగా దిగేది కావాలి. ల్యాబుల్లో ఎక్కువగా వాడే స్ట్రెయిన్లు, అంటే ఈస్ట్ రకాలు, చాలావరకు స్పోర్లు చేయడంలో బద్ధకస్తులు, పది కణాల్లో ఎన్నో దిగవు, దిగినవి కూడా ఎవరి టైముకి అవి దిగుతాయి. ఎస్‌కే1 అనే స్ట్రెయిన్ ఈ పనికి పేరున్నది. దాన్ని గ్లూకోజూ నైట్రోజనూ లేని పొటాషియం ఎసిటేట్ మీడియంలోకి మార్చి, గంట గంటకీ శాంపిల్ తీయండి, ఒక్క టైము పాయింట్‌తో సరిపెట్టకండి. ఎన్‌డీటీ80 జన్యువు తీసేసిన ఎస్‌కే1 దొరికితే ఇంకా మంచిది, ఆ కణాలు మియోసిస్ మధ్యలో ఆగిపోతాయి, ఎమ్6ఏ కూడా అక్కడ బాగా పోగుపడి ఉంటుంది. దానితోపాటు ఐఎంఈ4 తీసేసిన స్ట్రెయిన్ కూడా అడిగి తెచ్చుకోండి. అది ఎందుకో కింది జవాబులో రాస్తున్నాను, కానీ కిట్ కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది దాని మీదే అని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: యాంటీబాడీతో చేసే ఎమ్6ఏ మ్యాపింగ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? మా డేటాలో వేల పీకులు (ఆర్ఎన్ఏ ముక్కలు గుట్టగా పోగుపడిన చోట్లు) వచ్చాయి, సంతోషించాలో భయపడాలో తెలియడం లేదు.

జవాబు: ప్రస్తుతానికి భయపడండి, కంట్రోల్ చూశాక సంతోషించవచ్చు.

పద్ధతి అందరికీ తెలిసినదే. ఎంఆర్ఎన్ఏని సుమారు 100 అక్షరాల ముక్కలు చేసి, ఎమ్6ఏని పట్టుకునే యాంటీబాడీతో లాగి, లాగినవాటినీ లాగకముందు పక్కన తీసిపెట్టుకున్నవాటినీ సీక్వెన్స్ చేసి పోల్చడం. 2012లో ఇది వచ్చాక ఈ రంగం ఒక్కసారిగా ఊపందుకుంది. కానీ ఇందులో వచ్చే పీకు గుర్తు ఏ వీధిలో ఉందో చెబుతుంది గానీ ఏ ఇంట్లో ఉందో చెప్పదు. ముక్కలో నాలుగైదు చోట్ల అనుమానించదగ్గ ఏలు ఉంటే, ముందు జీ, వెనక సీ ఉన్నదాన్ని చూసి ఇదే అయ్యుంటుందని ఊహించాల్సి వస్తుంది.

దానికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. యాంటీబాడీ ఎమ్6ఏ లేనివాటిని కూడా పట్టుకుంటుంది. కొన్ని సీక్వెన్సులంటే దానికి ఇష్టం, కొన్ని మడతలంటే ఇష్టం, ఎక్కువ మోతాదులో ఉన్న ఆర్ఎన్ఏ ఊరికే అంటుకుని కూడా వస్తుంది. ఇవన్నీ పీకుల్లాగే కనబడతాయి, ప్రతిసారీ అదే చోట వస్తాయి కూడా, అందువల్ల ప్రయోగం మూడుసార్లు చేసి మూడుసార్లూ వచ్చింది కాబట్టి నిజమే అనే వాదన ఇక్కడ నిలబడదు. తప్పు కూడా చక్కగా రిపీట్ అవుతుంది.

ఇక్కడే ఈస్ట్ మనకి చేసే మేలు. ఐఎంఈ4 తీసేసినా ఈస్ట్ హాయిగా బతుకుతుంది. సుమారు 6000 జన్యువులున్న జీవి, అందులో బతకడానికి తప్పనిసరి కాని ఏ జన్యువునైనా శుభ్రంగా తీసేయొచ్చు. ఎంజైము ఉన్న కణాల్లో పీకు ఉండి, ఎంజైము లేని కణాల్లో అది పోతే, ఆ పీకు ఎమ్6ఏదే. ఎంజైము లేకపోయినా పీకు అలాగే నిలబడి ఉంటే అది యాంటీబాడీ చేసిన అల్లరి. 2013లో ఈస్ట్ మియోసిస్ మ్యాపు వేసినవాళ్లు సరిగ్గా ఇదే చేశారు, ముక్కలు బాగా చిన్నవి చేసి, ఐఎంఈ4 లేని కణాలతో పోల్చి, అక్కడా కనబడుతున్నవాటిని కొట్టేసి, చివరికి 1183 ట్రాన్‌స్క్రిప్టుల్లో 1308 చోట్లు మిగిల్చారు. నాకు ఆ సంఖ్య కన్నా వాళ్లు కొట్టేసిన జాబితా మీదే గౌరవం ఎక్కువ.

ఇలాంటి జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో ఎమ్1ఏ కథలో చూశాం. 2016లో క్షీరదాల ఎంఆర్ఎన్ఏల మొదట్లో ఎమ్1ఏ, అంటే ఏ మీద ఇంకో చోట మిథైల్ తగిలిన మార్పు, వేలాది చోట్ల ఉందన్నారు. తర్వాత చూస్తే వాడిన యాంటీబాడీ ఎంఆర్ఎన్ఏ తలమీద ఉండే క్యాప్‌ని కూడా పట్టుకుంటోందని తేలింది, అక్షరం స్థాయిలో చూసినవాళ్లకి అవి అతి కొద్ది చోట్ల తప్ప దొరకలేదు.

యాంటీబాడీ లేకుండా చేసే దారులు కూడా ఇప్పుడు ఉన్నాయి. మాజ్ఎఫ్ అనే బ్యాక్టీరియా ఎంజైము ఏ-సీ-ఏ కనబడిన చోటల్లా ఆర్ఎన్ఏని కోస్తుంది, మొదటి ఏ మీద మిథైల్ ఉంటే కోయదు. కోసిన ముక్కలెన్ని, కోయకుండా మిగిలినవెన్ని అని లెక్కపెడితే ఆ చోట ఎంత శాతం అణువుల మీద గుర్తుందో అంచనాకి వస్తుంది, యాంటీబాడీ ఈ లెక్క ఇవ్వలేదు. లోటేమిటంటే ఏ-సీ-ఏ లేని చోట ఇది గుడ్డిది. ఇంకో దారిలో గ్లయాక్సాల్‌తో జీలను కాపాడుకుని, నైట్రైట్‌తో మామూలు ఏలన్నిటినీ ఐనోసిన్‌గా మార్చేస్తారు. అవి సీక్వెన్సింగ్‌లో జీగా చదవబడతాయి, ఎమ్6ఏ మాత్రం మారకుండా ఏగానే మిగులుతుంది. బాగా కుదిరితే ఇది చాలా శక్తిమంతమైనది, కానీ రసాయన చర్య సగంలో ఆగితే మారని మామూలు ఏలన్నీ ఎమ్6ఏలా నటిస్తాయి. అప్పుడు కూడా మిమ్మల్ని కాపాడేది ఐఎంఈ4 లేని స్ట్రెయినే.

ప్రశ్న: సూడోయూరిడిన్ బరువు మామూలు యూరిడిన్‌తో సమానం అంటారు. బరువు తేడా లేదు, జత కట్టడంలో తేడా లేదు. మరి ఎలా పట్టుకుంటారు?

జవాబు: మంచి ప్రశ్న, నాకు బాగా ఇష్టమైన రసాయనం ఇందులోనే ఉంది.

రెండింట్లోనూ ఉన్న అణువులు అవే, అమరిక వేరు. యూరిడిన్‌లో బేస్ తన ఒకటో నంబరు నైట్రోజన్‌తో చక్కెరని పట్టుకుని ఉంటుంది, సూడోయూరిడిన్‌లో ఐదో నంబరు కార్బన్‌తో పట్టుకుంటుంది. అందువల్ల ఒకటో నైట్రోజన్ ఖాళీ అవుతుంది.

సీఎమ్‌సీ అనే ఒక కార్బోడైఇమైడ్ మందు ఉంది. దీన్ని ఆర్ఎన్ఏలో కలిపితే యూలకీ, జీలకీ, సూడోయూరిడిన్‌కీ, అన్నిటికీ అంటుకుంటుంది. అన్నిటికీ అంటుకుంటే ఉపయోగమేముందని అనిపిస్తుంది. కానీ తర్వాత దాన్ని పీహెచ్ 10.4 ఉన్న కార్బొనేట్ బఫర్‌లో వేడిగా ఉంచితే యూల మీదవీ జీల మీదవీ ఊడిపోతాయి, సూడోయూరిడిన్ మూడో నైట్రోజన్ మీద అంటుకున్నది మాత్రం ఊడదు. ఇప్పుడు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ని వదిలితే అది ఆ బరువైన ముద్ద దగ్గరికి వచ్చి, ఒక్క అక్షరం ముందే ఆగిపోతుంది. డీఎన్ఏ ముక్కలు ఎక్కడ ఆగాయో సీక్వెన్స్ చేసి చూస్తే, ఆగిన చోటి పక్క అక్షరమే మనకి కావలసింది. 2014లో ఈ పద్ధతిని జన్యువులన్నిటికీ విస్తరించి, ఈస్ట్ ఎంఆర్ఎన్ఏల్లో సూడోయూరిడిన్ ఉందని ఒకటికి మించి బృందాలు చూపించాయి. ఈస్ట్‌కి వేడి తగిలించినప్పుడు పస్7 అనే ఎంజైము వల్ల కొత్తగా చాలా చోట్ల ఈ మార్పు వస్తుందని కూడా అప్పుడే తెలిసింది. ఎమ్6ఏకి ఆకలి కావాలి, దీనికి మామూలుగా పెరిగే కణాలైనా చాలు, పరిస్థితి మారితే జాబితా మారుతుంది.

ఇది చేసేవాళ్లకి నా సలహాలు రెండు మూడు ఉన్నాయి. ఆ ఆల్కలీ, ఆ వేడి ఆర్ఎన్ఏని ముక్కలు చేస్తాయి, ముక్క అయిన చోట కూడా ఎంజైము ఆగుతుంది, కాబట్టి సీఎమ్‌సీ కలపని శాంపిల్‌ని కూడా అచ్చంగా అదే ఆల్కలీలో, అంతే సేపు ఉంచి పక్కన పెట్టుకోవాలి. రెండోది, మీ శాంపిల్‌లో ఎలాగూ కొంత రైబోజోమ్ ఆర్ఎన్ఏ మిగిలి ఉంటుంది, దాన్ని చెత్త అని పారేయకండి. అందులో సూడోయూరిడిన్ ఎక్కడెక్కడ ఉందో దశాబ్దాల కిందటే కచ్చితంగా తేల్చి పెట్టారు, ముందు మీ పద్ధతి ఆ తెలిసిన చోట్లని పట్టుకుంటోందో లేదో చూడండి, అవే దొరకకపోతే ఎంఆర్ఎన్ఏలో దొరికినవాటి గురించి మాట్లాడటం అనవసరం. ఆ తర్వాత పస్1, పస్7 వంటి ఎంజైములు ఒక్కొక్కటే తీసేసిన స్ట్రెయిన్లు పెట్టుకుని, ఏ చోటు ఏ ఎంజైముతో పోతోందో చూడాలి. పస్7 అయితే దానికంటూ ఒక ఇష్టమైన సీక్వెన్స్ ఉంది, యూ-జీ-యూ-ఏ తర్వాత ఏ గానీ జీ గానీ ఉండాలి, అందులో రెండో యూ మారుతుంది. మీరు పట్టుకున్న చోట ఆ సీక్వెన్స్ ఉండి, పస్7 తీసేస్తే ఆగడం కూడా పోతే, ఇక అనుమానం అక్కర్లేదు.

వేర్వేరు బృందాల జాబితాలు పక్కపక్కన పెడితే అంతగా కలవవు, అది దాచాల్సిన పనేం లేదు. తక్కువ శాతం అణువుల మీద ఉన్న గుర్తులు ఒకరికి దొరుకుతాయి, ఇంకొకరికి దొరకవు. బైసల్ఫైట్‌తో చేసే కొత్త పద్ధతుల్లో ఎంజైము ఆగిపోకుండా ఆ అక్షరాన్ని ఎగరగొట్టి ముందుకు పోతుంది, డీఎన్ఏలో ఒక అక్షరం తగ్గుతుంది. అలా ఎగిరిపోయిన రీడ్లు ఎన్ని అని లెక్కిస్తే శాతం తెలుస్తుంది, అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అటువైపు వెళ్లడం మేలని నా ఉద్దేశం.

ప్రశ్న: నానోపోర్ వచ్చాక ఇవన్నీ ఎందుకు? ఆర్ఎన్ఏని నేరుగా చదివేస్తుంది కదా.

జవాబు: నేరుగానే చదువుతుంది, నిజమే. సన్నటి రంధ్రంలోంచి ఆర్ఎన్ఏ దారం జారుతుంటే కరెంటు ఎలా మారుతోందో కొలుస్తారు, గుర్తు ఉన్న అక్షరం వెళ్లేటప్పుడు కరెంటు కొంచెం తేడాగా ఉంటుంది. ఒక్కో అణువు మొత్తం ఒకేసారి కనబడుతుంది కాబట్టి ఒకే ఎంఆర్ఎన్ఏ మీద రెండు గుర్తులు కలిసి ఉన్నాయా లేదా అన్నది కూడా చూడొచ్చు, ముక్కలు చేసే పద్ధతులకి ఇది సాధ్యం కాదు.

కానీ రంధ్రంలో ఏ క్షణాన చూసినా ఒక్క అక్షరం ఉండదు, పక్కపక్కనున్న కొన్ని అక్షరాలు కలిసి ఆ కరెంటుని నిర్ణయిస్తాయి. గుర్తు వల్ల వచ్చిన తేడా ఏదో, పక్క అక్షరాల వల్ల వచ్చింది ఏదో విడదీయడానికి కంప్యూటర్‌కి ముందు నేర్పించాలి, తప్పు డేటాతో నేర్పిస్తే తప్పే నేర్చుకుంటుంది. చదవడం తోక వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి ఎంఆర్ఎన్ఏ తల వైపు రీడ్లు పలచబడతాయి. ప్రోగ్రామ్ ‘ఇక్కడ ఎమ్6ఏ ఉంది’ అని చెప్పిందే తడవు నమ్మేయకుండా, ఎంజైము తీసేసిన ఈస్ట్ ఆర్ఎన్ఏని కూడా అదే ప్రోగ్రామ్‌కి ఇచ్చి చూడండి. అక్కడ కూడా ‘ఉంది’ అంటే ఆ ప్రోగ్రామ్ ఎన్ని తప్పులు చేస్తోందో మీకు లెక్క దొరికినట్టే.

ప్రశ్న: మాస్ స్పెక్‌లో (అణువుల బరువు కొలిచే యంత్రంలో) మా ఈస్ట్ ఎంఆర్ఎన్ఏలో పది పన్నెండు రకాల మార్పులు కనబడ్డాయి. పేపర్ రాసేయొచ్చా?

జవాబు: ఆగండి. డైమిథైల్ గ్వానోసిన్ కూడా ఆ జాబితాలో ఉందేమో చూసుకోండి. అది టీఆర్ఎన్ఏది, అంటే ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలు మోసుకొచ్చే చిన్న ఆర్ఎన్ఏది. అది కనబడిందంటే మీ గొట్టంలో టీఆర్ఎన్ఏ కూడా ఉందని అర్థం, అప్పుడు మిగతావి ఎవరివో చెప్పలేం. కణంలో ఉన్న మొత్తం ఆర్ఎన్ఏలో ఎంఆర్ఎన్ఏ వాటా సుమారు 5 శాతమే, మిగిలిన రైబోజోమ్ ఆర్ఎన్ఏ, టీఆర్ఎన్ఏ రెండూ మార్పులతో నిండి ఉంటాయి, అవి పిసరంత మిగిలినా చాలు. ఎంఆర్ఎన్ఏ చివర వరుసగా ఏలు ఉండే పాలీ-ఏ తోకని పట్టుకుని శుద్ధి చేయడం ఒకసారి కాదు, రెండుసార్లు చేయండి, తర్వాత సైజు చూసి చిన్నవి తీసేయండి, ప్రతి మెట్టు దగ్గరా మాస్ స్పెక్ చేయండి. శుద్ధి చేసేకొద్దీ డైమిథైల్ గ్వానోసిన్‌తోపాటు తగ్గిపోయేది ఎంఆర్ఎన్ఏది కాదు.

ప్రశ్న: ఈస్ట్ ఎంఆర్ఎన్ఏలో ఎసిటైల్ సైటిడిన్ (సీ మీద ఎసిటైల్ గుంపు తగిలిన మార్పు) ఉందని ఒకచోట, లేదని ఒకచోట చదివాను.

జవాబు: 2020లో అక్షరం స్థాయిలో చూసిన పనిలో మామూలు ఈస్ట్ ఎంఆర్ఎన్ఏలో దొరకలేదు. రైబోజోమ్ ఆర్ఎన్ఏలో, టీఆర్ఎన్ఏలో మాత్రం ఉంది. ఎసిటైల్ పెట్టే ఎంజైముని, దాని తోడు ప్రోటీన్‌తో సహా మోతాదుకి మించి తయారు చేయిస్తే ఎంఆర్ఎన్ఏ మీద కూడా పడుతుంది. నేను ‘లేదు’ వైపే ఉన్నాను.

ప్రశ్న: ఐఎంఈ4 తీసేస్తే ఎమ్6ఏ పోతుంది, ఈస్ట్ స్పోర్లు చేయడం కూడా దెబ్బతింటుంది. అంటే స్పోర్లు రావాలంటే ఎమ్6ఏ కావాలని తేలిపోయినట్టేనా?

జవాబు: ఇంకా తేలలేదు, ఇక్కడ కొంచెం ఓపిగ్గా చూడాలి. మ్యాపు గీయడానికి ఐఎంఈ4ని మొత్తంగా తీసేయడం చక్కటి కంట్రోల్, ఎందుకంటే అక్కడ మనకి కావలసింది గుర్తు పోవడమే. గుర్తు చేసే పనేమిటి అని అడిగేటప్పుడు అదే కంట్రోల్ మోసం చేస్తుంది. ఐఎంఈ4 ఒంటరిగా ఉండదు, మమ్2, ఎస్‌ఎల్‌జెడ్1 లాంటి ప్రోటీన్లతో కలిసి ఒక కూటమిగా ఉంటుంది. దాన్ని పీకేస్తే మిథైల్ పోవడమే కాదు, ఆ కూటమి కూడా చెదురుతుంది, ఆ కూటమికి మిథైల్‌తో సంబంధం లేని పనులు కూడా ఉన్నాయని ఈ మధ్య పనుల్లో తేలింది. అందుకని ప్రోటీన్‌ని అలాగే ఉంచి, మిథైల్ పెట్టే చోట మాత్రం ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చి చచ్చుబడేలా చేసిన ఐఎంఈ4 కూడా పెట్టుకోవాలి. ఆ రెండింటికీ మధ్య తేడా ఎంతుందో అంతే, కూటమి పని. చచ్చుబడిన ఎంజైముతో వచ్చిన లోటు మిథైల్ పని. దానికి తోడు ఎమ్6ఏని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్ ఈస్ట్‌లో ఫో92 ఒకటుంది, దాన్ని తీసేసిన స్ట్రెయిన్ మూడోదిగా పెట్టండి. మూడింటినీ ఒకే రోజు, ఒకే మీడియంలో, మామూలు ఎస్‌కే1 పక్కన పెట్టి స్పోర్లు లెక్కపెట్టండి. స్పోర్లు ఎన్ని వచ్చాయన్నదే కాదు, ఎన్ని గంటలకి వచ్చాయన్నది కూడా రాసుకోండి, ఎందుకంటే కొన్ని స్ట్రెయిన్లలో లోటు ఆలస్యంగా మాత్రమే కనబడుతుంది, చివర్లో ఒక్కసారే లెక్కపెట్టినవాళ్లకి అది అసలు తెలియదు.